సమ్మెటవీరుడు జాన్ ఫ్లానగన్

పనివాని గొప్పతనము చేతిలో నున్నదా, లేక ఆ చేత బట్టిన పనిముట్టులో నున్నదా యను వాదము చాల ప్రాతది. వడ్రంగి నడిగినచో బాడిసె పదును ముఖ్యమనును. ఇల్లు కట్టించుకొన్న గృహస్థు నడిగినచో వడ్రంగి హస్తవాసిని పొగడును. క్రీడారంగమున ఈ వాదము మఱింత తీక్ష్ణముగా వినవచ్చును. 1953వ సంవత్సరమున బడ్ హెల్డ్ అను అమెరికా క్రీడాకారుడు, తన సోదరునితో కలిసి రూపొందించిన క్రొత్త ఈటెతో 80 మీటర్ల హద్దును మొట్టమొదట దాటెను. ఆ కీర్తి విసరిన వానిదా, విసరబడిన ఈటెదా యను ప్రశ్న నాడే పుట్టెను. అటుపై ఈటె పోవు దూరము పెరుగుచునే వచ్చెను. 1984లో తూర్పు జర్మనీ వాడగు ఊవె హోన్ 104.80 మీటర్లు విసరెను. తుదకు 1986లో పురుషుల ఈటె గురుత్వకేంద్రమును ముందునకు జరిపి, నియమమునే మార్చవలసి వచ్చెను.

అయితే ఈ ప్రశ్న ఈటెతో పుట్టినది కాదు. అంతకు అర్ధశతాబ్దికి ముందే హ్యామర్ త్రో యను పందెమున ఒక ఐర్లండు రైతుబిడ్డ దానిని లోకము ముందుంచెను. తన బ్రతుకుతోనే దానికి సమాధానమును కూడ చెప్పెను. ఆయనయే జాన్ జీసస్ ఫ్లానగన్. వరుసగా మూడు ఒలింపిక్ క్రీడోత్సవములలో ఒకే పందెమును గెలిచిన ఆ మహావీరుని చరిత్ర మన తెలుగువారిలో పెక్కుమందికి తెలియదు. కావున దానిని సంగ్రహముగా ఇచ్చట నివేదించుచున్నాను.

హ్యామర్ అనగా సమ్మెట. పూర్వము స్కాట్లండు, ఐర్లండు దేశముల పల్లెలలో కమ్మరి సమ్మెటను ఎవరెక్కువ దూరము విసరగలరో యని యువకులు పందెములు వేసికొనెడివారు. నేటి హ్యామరులో సమ్మెట పోలిక ఏమియు మిగిలి యుండలేదు. 16 పౌనుల, అనగా 7.26 కిలోగ్రాముల లోహపు గుండు, దానికి తగిలించిన ఉక్కుతీగ, తీగ కొసన చేతిపిడి; అన్నియు కలిపి ఇంచుమించు నాలుగడుగుల పొడవు. ఏడడుగుల వ్యాసముగల వలయములో నిలిచి, గుండును తలచుట్టును త్రిప్పి, పిమ్మట తానును బొంగరమువలె గిఱ్ఱున తిరిగి, వలయము దాటకుండ దానిని విడువవలెను. జొన్నచేలలో మంచెపై నిలిచి పిట్టలను తోలువాడు వడిసెల త్రిప్పు తీరును చూచినవారికి ఇందలి కిటుకు వెంటనే బోధపడగలదు. వడిసెలలో నుండునది చిన్న రాయి. ఇందుండునది మాత్రము విసరువానినే తనవైపునకు ఈడ్చుకొనిపోజూచు గుండు. అంతియే భేదము.

ఫ్లానగన్ ఐర్లండు దేశమున లిమరిక్ మండలములోని కిల్‌బ్రీడీ గ్రామమున, ఒక వ్యవసాయ కుటుంబమున జన్మించెను. జన్మసంవత్సరము 1868 అని కొందఱు, 1873 అని కొందఱు వ్రాసిరి. ఆ ప్రాంతమున బరువులు విసరుట, దూకుట, పరుగెత్తుట యనునవి పొలము పనులవలెనే నిత్యజీవితమున భాగములు. నాడు ఐర్లండు ఆంగ్లేయుల పాలనలో నుండెను. 1840 దశకపు మహాక్షామము నాటినుండి లక్షలకొలది జనులు ఊళ్లు విడిచి ఓడలెక్కి అమెరికాకు తరలిపోవుచుండిరి. పొలమును నమ్ముకొన్న కుటుంబములలో గూడ ఒక కుమారుడైనను సముద్రము దాటుట సామాన్య విషయమై యుండెను.

యువకుడగు ఫ్లానగన్ అనతికాలముననే తన బలమును చాటుకొనెను. 1895వ సంవత్సరము సెప్టెంబరు నెలలో క్లాన్‌మెల్ పట్టణమున హ్యామరును 145 అడుగుల 10½ అంగుళముల దూరము విసరెను. మఱుసటి సంవత్సరము ఇంగ్లండు జాతీయ పోటీలలో విజయమును సాధించెను. ఆ పిమ్మట ఆయనయు ఓడ యెక్కి న్యూయార్కు చేరెను. అమెరికాలో అంతవరకు ఏటేట ఈ పందెమును గెలుచుచుండినవాడు జేమ్స్ మిచెల్ అను మఱియొక ఐర్లండు వాడు. ఫ్లానగన్ రాకతో ఆ వరుసకు అంతరాయము కలిగెను. 1897లో ఆయన 150 అడుగుల హద్దును దాటెను. అది నాటివరకు ఎవ్వరును దాటని హద్దు. అది మొదలు 1907 వరకు ఆయన అమెరికా జాతీయ హ్యామర్ పోటీని ఏడుమారులు గెలిచెను. 56 పౌనుల బరువు విసరు పోటీలోను అనేక పర్యాయములు జాతీయవిజేత అయ్యెను.

ఇక పనిముట్టు విషయమునకు వత్తము. ఆ కాలమున హ్యామరు రూపము మాఱుచుండెను. మొదట గుండునకు బిరుసైన కఱ్ఱపిడి యుండెడిది. పందొమ్మిదవ శతాబ్ది చివరి సంవత్సరములలో దాని స్థానమున వంగెడి ఉక్కుతీగ వచ్చెను. తీగతో వేగము పెరిగినది గాని క్రొత్త చిక్కొకటి వచ్చిపడినది. గుండును గిరగిర త్రిప్పునపుడు తీగ మెలికపడును. గుండునకు తీగ తగులు కొక్కెమువద్ద ఇనుమును ఇనుమును ఒరసికొనును. కందెన వేయని బండి ఇరుసునకు ఎద్దుల బలమెట్లు వ్యర్థమగునో, ఆ ఒరపిడిచే విసరువాని బలము కొంత అట్లు వ్యర్థమగును. మెలికపడిన తీగ తెగిపోవుటయు కద్దు. పదహారు పౌనుల గుండు తీగ తెగి ఏ దిక్కునకు పోవునో చెప్పుట ఎవరి తరము?

ఫ్లానగన్ దీనికి కనుగొన్న ఉపాయము చూచుటకు చిన్నది. గుండునకు తీగ కలియు చోట, సైకిలు చక్రములో నుండునట్టి ఉక్కు గోళీల బేరింగును అమర్చెను. దానితో గుండు తనచోట తాను స్వేచ్ఛగా తిరుగజొచ్చెను. తీగ మెలికపడుట తగ్గెను, ఒరపిడి తగ్గెను, చేతిపిడి అరచేతిలో మెలిదిరుగక నిలిచెను. విసరువాడు ఒక చుట్టు తిరిగినను, రెండు మూడు చుట్లు తిరిగినను, గుండు వానితోపాటు సాఫీగా సాగును. అప్పటికి చాలమంది ఒకటి రెండు చుట్లతో సరిపుచ్చుకొనుచుండగా, మూడు చుట్లు తిరిగి విసరిన తొలివారిలో ఫ్లానగన్ ఒకడు. పాదముల నేర్పునకు పనిముట్టు, పనిముట్టునకు పాదముల నేర్పు తోడ్పడెను. ఈ రెంటిలో దేనివలన ఎన్ని అడుగులు పెరిగెనో విడదీసి చెప్పుట కష్టము.

ఇచ్చట గమనింపదగిన విషయ మొకటి కలదు. ఇట్టి ఉపాయమును కనుగొన్నవాడు దానిని దాచుకొనవచ్చును. పోటీలో తనకొక్కనికే ఆ వసతి యుండవలెనని కోరుకొనుట మానవ సహజము. ఫ్లానగన్ అట్లు చేయలేదు. క్రీడాసామగ్రి అమ్ముటలో పేరుగాంచిన స్పాల్డింగ్ కంపెనీవారు ఆ నమూనాను తయారుచేసి, బేరింగు హ్యామరు అను పేర, దాని రూపకర్త ఫ్లానగన్ అని తమ జాబితాలలో ప్రకటించి బహిరంగముగా విక్రయించిరి. ధర చెల్లించిన ప్రతి విద్యార్థియు, ప్రతి ప్రత్యర్థియు ప్రపంచవీరుని హ్యామరు వంటిదానినే చేతబట్టగలిగెను. అప్పటినుండి ఫ్లానగన్‌కు పనిముట్టువలన కలిగిన ఆధిక్యత ఏమియు మిగులలేదు. ఇక మిగిలినది తన చేయి, తన కాలు, తన సాధన మాత్రమే.

1900 సంవత్సరమున పారిస్ నగరమున రెండవ ఒలింపిక్ క్రీడలు జరిగెను. అథ్లెటిక్ పోటీలకు ప్రత్యేక స్టేడియము లేదు. బొలోన్ వనములోని ఒక క్లబ్బువారి పచ్చికబయలే రంగస్థలము. చుట్టును చెట్లుండుటచే విసరిన డిస్కసులు, హ్యామరులు కొమ్మలకు తగులుచుండెను. హ్యామరు పోటీలో పాల్గొన్నవారు ఐదుగురే. వారిలో ఒకడు అటుపిమ్మట ఈటె విసరుటలో జగద్విఖ్యాతి గాంచిన స్వీడను వీరుడు ఎరిక్ లెమ్మింగ్. ఫ్లానగన్ 49.73 మీటర్లు విసరి ప్రథముడయ్యెను. అదే బయలులో, అదే క్రీడలలో, కలకత్తాలో జన్మించిన నార్మన్ ప్రిచర్డ్ రెండు రజతపతకములు గెలిచెను. అవి నేటికిని ఒలింపిక్ సంఘపు లెక్కలలో భారతదేశము పేర నున్నవి. ఆంగ్లేయుల యేలుబడిలోని ఇండియాకు ప్రిచర్డ్ మూలమున పతకములు దక్కగా, అదే యేలుబడిలోని ఐర్లండున పుట్టిన ఫ్లానగన్ స్వర్ణము అమెరికా లెక్కలో చేరెను. పుట్టిన దేశమునకు తనదగు పతాక లేని కాలమది.

1904లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున ఫ్లానగన్ 51.23 మీటర్లు విసరి రెండవ స్వర్ణమును పొందెను. 56 పౌనుల బరువు పోటీలో కెనడాకు చెందిన ఎటియెన్ డెమార్టో ప్రథముడు కాగా, ఫ్లానగన్‌కు రజతము లభించెను. అంతకు ముందు సంవత్సరమే ఆయన న్యూయార్కు పోలీసుశాఖలో ఉద్యోగమున చేరి యుండెను. ఐర్లండునుండి వచ్చిన బలశాలు లనేకులు ఆ శాఖలో నుండిరి. హ్యామరు, డిస్కసు, గుండు మున్నగు పోటీలలో వారిదే పైచేయి. వారి దేహపుష్టిని బట్టి జనులు వారికి ఐరిష్ తిమింగిలము లని ముద్దుపేరు పెట్టిరి. పాట్ మెక్‌డొనాల్డ్ వంటి ఆజానుబాహువుల నడుమ ఫ్లానగన్ ఎత్తరి కాడు. విశాలమైన వక్షము, నేలను పట్టి నిలుచు పాదములు ఆయన సొత్తు. ఉద్యోగములో పని స్వల్పమగుటచే అభ్యాసమునకు కావలసినంత తీరిక చిక్కుచుండెను.

ఆ తిమింగిలములలోనే ఆయనకు సమఉజ్జీ యొకడు తయారయ్యెను. టిప్పరరీ మండలమునుండి వచ్చిన మాట్ మెక్‌గ్రాత్ అను పోలీసువాడు, వయస్సున చిన్నవాడు, 1907లో ఫ్లానగన్ ప్రపంచ రికార్డును మించి విసరెను. పది సంవత్సరములుగా తన పేరుననే యున్న స్థానము చేజారుట సామాన్యమైన దెబ్బ కాదు. పైగా అది బేరింగు హ్యామరు అందఱికిని అందుబాటులోనికి వచ్చిన కాలము. ఫ్లానగన్ ఘనత గోళీలదే యనదలచినవారికి అది మంచి అదను.

1908లో లండనులో ఇరువురును ఒకే వలయమున నిలిచిరి. అమెరికా పక్షమున ఫ్లానగన్, మెక్‌గ్రాత్. కెనడా పక్షమున కార్క్ మండలమున పుట్టిన కాన్ వాల్ష్. ఆ నాడు పతకములు పొందిన మువ్వురును ఐర్లండు బిడ్డలే. మెక్‌గ్రాత్ 51.18 మీటర్లు విసరి ముందుండెను. ఫ్లానగన్‌కు మిగిలినది కడపటి విసరుడు. దానిలో ఆయన 51.92 మీటర్ల దూరమును అందుకొని మూడవ స్వర్ణమును గెలిచెను. ఇరువురి నడుమ భేదము ముప్పాతిక మీటరు కంటె తక్కువ. పనిముట్టు సమానము, వలయము సమానము, వయస్సు మాత్రము ఫ్లానగన్‌కు ప్రతికూలము. అట్టి స్థితిలో, తుది అవకాశమున, చేయి వణకక కాలు తడబడక మూడు చుట్లు తిరిగి విడుచుట గోళీలు చేసిన పని కాదని వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆ మఱుసటి సంవత్సరము, 1909 జూలై 24వ తేదీన, న్యూ హేవెన్ నగరమున ఫ్లానగన్ హ్యామరును 184 అడుగుల 4 అంగుళములు, అనగా 56 మీటర్లకు పైగా విసరి ప్రపంచ రికార్డును మఱల నెలకొల్పెను. 1868 జన్మసంవత్సరమైనచో నాటికి ఆయన వయస్సు 41 సంవత్సరముల 196 దినములు. అథ్లెటిక్సులో ప్రపంచ రికార్డు నెలకొల్పిన వారిలో అందఱికంటె వయోధికుడుగా చరిత్రకారు లాయననే పేర్కొందురు. క్లాన్‌మెల్ నాటి విసరుడునకును దీనికిని నడుమ పదునాలుగేండ్లు. పెరిగిన దూరము ముప్పదియెనిమిది అడుగులకు పైన. నలువది దాటగానే బల్లమీది దస్త్రముల బరువే ఎక్కువని తలచు మావంటి ఉద్యోగులకు ఈ సంఖ్యలు కొంత సిగ్గును, కొంత ధైర్యమును కూడ కలిగించును.

ఉద్యోగుల మాట వచ్చినది గనుక, ఆయన ఉద్యోగము ముగిసిన తీరును చెప్పవలెను. 1910లో ఆయనను తీరికగల స్థానమునుండి బదిలీచేసి, ఒక పోలీసు స్టేషనులో వీధి గస్తీ తిరుగు పనిలో వేసిరి. మూడు స్వర్ణపతకములు, పదికి మించిన ప్రపంచ రికార్డులు బదిలీ ఉత్తరువును ఆపజాలవు. ఫ్లానగన్ రాజీనామా ఇచ్చెను. 1911లో స్వదేశమునకు మరలి, స్కాట్లండుతో జరిగిన పోటీలో ఐర్లండు పక్షమున విసరి గెలిచెను. ఇతర దేశముల పతాకల క్రింద కీర్తి గడించిన పిమ్మట, తన మట్టిపై తనవారి పేర విసరిన ఆ విజయముతో ఆయన అంతర్జాతీయ జీవితము ముగిసెను. తరువాత కిల్‌బ్రీడీలో సేద్యము చేసికొనుచు ప్రశాంతముగా జీవించెను.

కాని విద్య యెఱిగినవాని యింటికి శిష్యుడు దారి వెదకికొని వచ్చును. కార్క్ మండలమునకు చెందిన పాట్ ఓకాలహన్ అను యువవైద్యుడు హ్యామరుపై మనసుపడెను. అతని చేతిలో మంచి పనిముట్టు లేదు. 16 పౌనుల గుండు నొకదానిని సంపాదించి, దానికి అంగుళము వెడల్పు రంధ్రము తొలిచి, అందులో సైకిలు పెడలులోని బేరింగును దూర్చి తన హ్యామరును తానే చేసికొనెను. ఫ్లానగన్ కనిపెట్టిన ఉపాయము కంపెనీ జాబితాను దాటి, పల్లెటూరి సైకిలు సామానులోనికి వచ్చి చేరినదన్న మాట. అట్టివానికి ఫ్లానగన్ గురువయ్యెను. ఓకాలహన్ 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్సున స్వర్ణమును గెలిచెను. స్వతంత్ర ఐర్లండునకు అదియే తొలి ఒలింపిక్ స్వర్ణము. 1932లో లాస్ ఏంజిలిస్ నగరమున, గురువు లండనులో చేసినట్లే, కడపటి విసరుడుతో 53.92 మీటర్లు సాధించి రెండవ స్వర్ణమును పొందెను. తాను తన దేశము పేర తేలేకపోయిన స్వర్ణమును, శిష్యుని చేతిమీదుగా ఫ్లానగన్ చూడగలిగెను.

1938 జూన్ నెలలో, తాను పుట్టిన కిల్‌బ్రీడీలోనే ఆయన కన్నుమూసెను. నాటికి ప్రపంచ రికార్డు మఱియొక తిమింగిలమగు పాడీ రయన్‌ది. 1913లో నెలకొల్పబడిన ఆ 57.77 మీటర్ల రికార్డు ఇరువదియైదేండ్లు చెక్కుచెదరక నిలిచి, ఫ్లానగన్ మరణించిన రెండు మాసములకు, ఆగస్టులో, జర్మనీకి చెందిన ఎర్విన్ బ్లాస్క్ చేతిలో పడిపోయెను. లిమరిక్ మండలములోని మార్టిన్స్‌టౌన్ గ్రామమున ఇప్పుడు ఫ్లానగన్ నిలువెత్తు విగ్రహము కలదు. పురుషులలో హ్యామరున మూడు ఒలింపిక్ స్వర్ణములు గెలిచినవాడు నేటికిని ఆయన యొక్కడే. స్త్రీలలో పోలండు దేశస్థురాలగు అనిత వ్లొదార్చిక్ 2012, 2016, 2020 క్రీడలలో గెలిచి ఆ సంఖ్యను అందుకొనెను.

పనిముట్టు గొప్పదా, పనివాడు గొప్పవాడా యను మొదటి ప్రశ్నకు ఈ జీవితమిచ్చు సమాధానము నాకు ఇట్లు తోచుచున్నది. మంచి పనిముట్టు న్యాయమునకు విరోధి కాదు. దానిని ఒక్కడు దాచుకొనుటయే విరోధము. ఫ్లానగన్ తన గోళీలను లోకమునకిచ్చి, సమానమైన హ్యామరుతో ప్రత్యర్థులను రమ్మనెను. వారు వచ్చిరి, ఒకడు ఆయన రికార్డును తీసికొనెను కూడ. ఆ తరువాతనే లండను విజయమును, న్యూ హేవెన్ విజయమును ఆయన సాధించెను. ఆ రెండు విజయములే లేకున్నచో, పనిముట్టు బలమున గెలిచినవా డను మాట ఆయన పేరుకు శాశ్వతముగా అంటుకొని యుండెడిది.

నియమావళులతో దినము గడుపు మాకు మఱియొకటి కూడ తోచును. నియమము సాధారణముగా అనుభవమునకు వెనుకనే నడచును. ఒక్కొక్కమారు ఈటె విషయమున వలె పనిముట్టును వెనుకకు లాగును; ఒక్కొక్కమారు దానిని అంగీకరించి తనలో కలుపుకొనును. నేటి అంతర్జాతీయ నియమములలో హ్యామరు తీగను గుండునకు కలుపు కీలు మామూలుది కావచ్చును లేదా గోళీల బేరింగుది కావచ్చును అని స్పష్టముగా నున్నది. ఆ నియమమున ఎవరి పేరును లేదు. మన పిల్లలు పాఠశాల మైదానమున ఆ ఇనుప గుండును చేతబట్టినపుడు, దానిలో సాఫీగా తిరుగుచున్నది కిల్‌బ్రీడీ రైతుబిడ్డ ఆలోచన యని పెద్దలమగు మనము వారికి చెప్పుదము గాక.